పొలం గట్టు మీద టచ్ ఫోన్

ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వేడి మధ్యే వాడమని ఆపిల్ కంపెనీ చెబుతుంది. స్విచాఫ్ చేసి పక్కన పెట్టినా 45 డిగ్రీలు దాటనివ్వొద్దంటుంది. మిర్యాలగూడ, సూర్యాపేటల్లో ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం 35 ఎప్పుడో దాటేస్తుంది. మే నెలలో 45 తాకే రోజులూ ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే యాసంగి వడ్లు కల్లాల మీద, కొనుగోలు కేంద్రాల దగ్గర ఉంటాయి. కుప్ప మీద టార్పాలిన్ సర్దుతున్న రైతు ఫోన్ తీస్తే తెర మీద ఏమీ కనపడదు. ఎండకు ఒక చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో నొక్కాలి. ఆ చేతికి వడ్ల నూగు అంటుకుని ఉంటుంది. కాసేపటికి ఫోన్ వేడెక్కి, ఉన్న వెలుతురును కూడా తనంతట తానే తగ్గించుకుంటుంది.

చేతిలో పట్టుకునే యంత్రాన్ని ఎవరి చేతిని మనసులో పెట్టుకుని తయారు చేశారన్నది ఈ ప్రాంతంలో గట్టిగా అడగాల్సిన ప్రశ్న. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి, మిర్యాలగూడ రైస్ మిల్లులు, కోదాడ మీదుగా హైదరాబాద్, విజయవాడల మధ్య సాగే 65వ నంబరు జాతీయ రహదారి, సూర్యాపేట మార్కెట్ యార్డు. ఇక్కడి పని చాలావరకు ఎండలో, దుమ్ములో, నీళ్లలో, ప్రయాణంలో జరిగేది. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి చేతుల్లోకి వచ్చిన ఫోన్లను, మిషన్లను, యాప్‌లను వరసపెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. బటన్, గొంతు, పక్కన సాయానికి ఇంకో మనిషి, ఈ మూడింటిలో ఒక్కదాన్నయినా ఆసరాగా ఉంచుకున్నవి జనానికి పనికొచ్చాయి. చదువుకున్న మనిషి నీడన కూర్చుని, పొడి చేతులతో, తన సొంత ఫోన్‌లో తీరిగ్గా చూసుకుంటాడనుకుని చేసినవి జనాన్ని ఇంకొకరి దయకు వదిలేశాయి.

మొదట చెయ్యి సంగతి. ఇప్పటి తెరలు మన ఒంట్లోంచి కరెంటు పారే గుణాన్ని బట్టి వేలు ఎక్కడ తగిలిందో పసిగడతాయి. నీటి బొట్టు పడితే దాన్నీ వేలే అనుకుంటాయి. కాయలు కాసి ఎండిపోయిన వేలిని ఒక్కోసారి అసలు గుర్తించవు. నాటు వేసి వచ్చిన కూలీ వేళ్లు బురదనీళ్లలో నాని ముడతలు పడి ఉంటాయి. మిల్లు హమాలీ అరచెయ్యి బస్తాల రాపిడికి మొద్దుబారి ఉంటుంది. మిల్లు చుట్టుపక్కల తవుడు దుమ్ము గాల్లోనే తిరుగుతుంటుంది. అది స్పీకర్ జాలీలో, చార్జింగ్ పిన్ పెట్టే సందులో పేరుకుంటుంది. ఫోన్ డబ్బా మీద ఐపీ68 అని ఉంటే అందులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. ఆ రెండూ గట్టిగా ఉన్న ఫోన్లు ఎక్కువగా ఖరీదైనవే. దుమ్ములో, నీళ్లలో పనిచేసేవాళ్లు కొనగలిగేవి అవి కావు.

ఆడవాళ్ల విషయంలో ఈ అన్యాయం ఇంకా ఎక్కువ. 2007లో వచ్చిన తొలి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు. ఇప్పుడు పదివేల రూపాయల ఫోన్ కూడా ఆరున్నర అంగుళాలకు తగ్గడం లేదు. సినిమా చూడటానికి బాగుంటుంది, సరే. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని పత్తి ఏరే మనిషి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? రొంటిన దోపుకుంటే వంగినప్పుడు జారిపోతుంది. చొక్కా జేబులో పెడితే నాటు వేసేటప్పుడు నేరుగా మడిలో పడుతుంది. జాకెట్టులో పెట్టుకుంటే చెమట. అందుకే ఇంట్లో టచ్ ఫోన్ ఉన్నా చేనుకు మాత్రం చిన్న ఫోనే వెంట పోతుంది. డబ్బుల్లేకనే చిన్న ఫోన్ వాడుతున్నారని పట్నంలో కూర్చుని అనుకుంటే పొరపాటు. ఏ పనికి ఏది సరిపోతుందో తేల్చుకునే వాడుతున్నారు.

ఆ చిన్న ఫోన్ వెనక మంచి ఆలోచన ఉంది. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పైన టార్చిలైటు, చెమట చేతిలో జారకుండా పక్కలకు పట్టు, దుమ్ము లోపలికి దూరకుండా ముందువైపు మూసినట్టుండే కీప్యాడ్. ‘సి’ బటన్ నొక్కి పట్టుకుంటే టార్చి వెలిగేది. వ్యవసాయానికి కరెంటు విడతలు విడతలుగా, ఒక విడత అర్ధరాత్రి దాటాక వచ్చే కాలమది. మోటారు పెట్టడానికి చీకట్లో బావి దగ్గరికి నడిచే రైతుకు ఆ వెలుగు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. బటన్ ఫోన్లలో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. బొటనవేలికి అది తగిలితే చాలు, మిగతా అంకెలు ఎక్కడున్నాయో చూడకుండానే తెలిసిపోతాయి. అద్దం పలకలో ఆ గుర్తు లేదు. కళ్లు అటు పెడితే తప్ప వేలు ఇటు కదలదు.

బీదవాళ్ల కోసమే అనుకుని చేసినవన్నీ నిలబడలేదు. 2006లో మోటొరోలా తెచ్చిన మోటోఫోన్ ఎఫ్3 తెర ఎండలో చక్కగా కనపడే ఎలక్ట్రానిక్ ఇంకు తెర. ఏం నొక్కాలో గొంతుతో కూడా చెప్పేది. మన ఎండలకు అచ్చంగా సరిపోయే ఆలోచన. కానీ ఆ తెర మీద వరసకు ఆరు అక్షరాలకు మించి పట్టేవి కావు, మెసేజ్ చదవడమంటే నరకం. అంతకు ముందే బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ తయారు చేశారు. ఊళ్లో పదిమంది ఒకే మిషన్ వాడుకునేలా, ఎవరి వివరాలు వాళ్ల స్మార్ట్ కార్డులో ఉండేలా దాన్ని ఊహించారు. 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చినప్పుడు చేతిలో వంచితే అందుకు తగ్గట్టు స్పందించేది. ఐఫోన్ రావడానికి మూడేళ్ల ముందు మాట ఇది. పదివేలకు దగ్గరైన ధర, అమ్మిపెట్టే దారి లేకపోవడం దాన్ని ముంచాయి. అయినా ఒక మిషన్‌ను పదిమంది పంచుకుంటారన్న ఎరుక నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది. తరవాత వచ్చిన స్మార్ట్ ఫోన్లు ఆ ఎరుకను పూర్తిగా వదిలేశాయి. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ బటన్లను ఉంచి, మాట్లాడి పని చేయించుకునే సౌకర్యం జోడించింది. మరుసటి ఏడాది వాట్సాప్ కూడా అందులోకి వచ్చింది. చాలామంది ముసలివాళ్లు మనవళ్ల ముఖం ఫోన్‌లో చూసింది ఆ చిన్న తెర మీదే.

బటన్ ఫోన్ తెలివికి నేను చూపించే గొప్ప ఉదాహరణ మాత్రం మోటారు మొబైల్ స్టార్టర్. స్టార్టర్ డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంట్లోంచి ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు. కరెంటు ఉందో లేదో, మోటారు నడుస్తోందో లేదో గొంతు చెబుతుంది. ఒక అంకె నొక్కితే మోటారు ఆన్, ఇంకో అంకె నొక్కితే ఆఫ్. యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, చదవడం అక్కర్లేదు. పాముకాటు, కరెంటు షాక్ భయం లేకుండా రాత్రి నిద్రపోనిచ్చిన ఏర్పాటు అది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, కరెంటు రాగానే తమంతట తాము మోటారు నడిపించే ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. నీళ్లు వృథా అవుతాయని. ఫోన్‌తో నడిచే స్టార్టర్‌లో ఆ చిక్కు లేదు. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో రైతు చేతిలోనే ఉంటుంది.

ఇక తెర మీద తెలుగు. ఇది పెద్ద కథే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని కంప్యూటర్ ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 పడితే తెలుగు లాంటి లిపులకు మామూలుగా 70 ముక్కలే పడతాయి. ‘మిర్యాలగూడ’ ఒక్కటే అందులో పది తినేస్తుంది. బ్యాలెన్స్ లెక్కపెట్టుకుని మెసేజ్ పెట్టే కాలంలో ఒక తరం తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకుందంటే అది భాష మీద ప్రేమ లేక కాదు. పన్నెండు బటన్ల మీద మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ సర్దితే ఒక్కో అక్షరానికి ఎన్నిసార్లు నొక్కాలో ఊహించండి. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనిపించేది. ఒపెరా మినీ బ్రౌజర్‌లో ఒక మారుమూల సెట్టింగ్ మార్చుకుంటే అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. తెలుగు బ్లాగులు చదవడానికి ఆ చిట్కాను ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

2018 ఫిబ్రవరిలో తెలుగు పేరు ప్రపంచ పత్రికల్లో మోగింది. ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. దాన్ని వింతగా రాసినవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం అందులో కోపం తెప్పించే సంగతి ఉంది. కోట్లమంది మాట్లాడే భాషలో బడి పిల్లలు ‘జ్ఞానం’, ‘విజ్ఞానం’ అని రోజూ రాసే అక్షరం అది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లో అది దొరకకుండా బయటికి ఎలా వచ్చింది? తెలుగు చదివేవాళ్లను ముందుగా పరీక్షలకు కూర్చోబెట్టలేదనే అనుకోవాలి. ఇప్పటికీ ఎన్నో యాప్‌లలో వరసకూ వరసకూ మధ్య దూరం ఇంగ్లిష్ కొలతకే ఉంటుంది. కింది ఒత్తు తెగిపోయి, పై గుడి పక్క వరసకు తగిలి, ‘క్ష’కూ ‘క్ర’కూ తేడా తెలియని స్థితి. కంటిచూపు తగ్గిన మనిషి అక్షరాలు పెద్దవి చేసుకుంటే అసలు బటనే తెర కిందికి పోతుంది.

తెలుగును ఫోన్‌లోకి నిజంగా తెచ్చింది కీబోర్డు కంటే గొంతే అని నా అభిప్రాయం. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు చేరింది. వాయిస్ మెసేజ్‌కు చదువుతో పని లేదు, నొక్కిపట్టి మాట్లాడి వదిలేయడమే. మాట ఎలా ఉంటే అలాగే పోతుంది. వాయిస్ టైపింగ్ అలా కాదు, విన్నదాన్ని తనకు తెలిసిన తెలుగులోకి మార్చుకుంటుంది. సూర్యాపేట మనిషి “ఎప్పుడొస్తవే, బస్సు పోతది” అంటే అది పుస్తకాల తెలుగు వైపు లాగుతుంది, లేదా ఇంకేదో రాస్తుంది. కోదాడలో ఒక వీధిలో తెలంగాణ మాట, పక్క వీధిలో కృష్ణా జిల్లా మాట వినిపిస్తాయి. ఈ యాసలన్నీ వినడం మిషన్లకు నేర్పే పని ఇంకా సగంలోనే ఉంది. అది పూర్తయితే ఈ ప్రాంతానికి కలిగే మేలు కొత్త కెమెరాల వల్ల కలిగేదానికంటే చాలా ఎక్కువ.

సొంత ఫోన్లు కాకుండా, ఇంకొకరి చేతిలో ఉండి మన పని నడిపించే మిషన్లు కూడా ఉన్నాయి. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే పల్లెవెలుగులో కండక్టర్‌ను గమనించండి. ఒక చెయ్యి కడ్డీని పట్టుకుంటుంది, రెండో చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్. స్టేజీ, మనుషులు, టికెట్ రకం నొక్కగానే చీటీ వస్తుంది. గుంతలో బస్సు ఎగిరినా చెయ్యి తప్పదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్ ఇవ్వడం తప్పనిసరయ్యాక ఆ బొటనవేలి మీద పని ఎంత పెరిగిందో చెప్పనక్కర్లేదు. ఆ ఒత్తిడిలోనూ పని ఆగకపోవడానికి ఒక కారణం, నేర్చుకోవాల్సింది ప్రయాణికురాలు కాకపోవడం. ఆమె ఊరి పేరు నోటితో చెబితే చాలు. మిషన్ బరువు రోజూ అదే పని చేసే ఒక మనిషి మీద పడుతుంది.

హోటల్ బల్ల మీది సౌండ్‌బాక్స్ ఇంకా తేలిక. 2019లో పేటీఎం మొదలుపెట్టింది, తరవాత ఫోన్‌పే వగైరా వచ్చాయి. ఫోన్‌పే స్పీకర్‌లో 2024 నుంచి మహేశ్‌బాబు గొంతు కూడా వినిపిస్తోంది. పిండి చేతులతో దోసెలు వేసే మనిషి ఫోన్ ముట్టుకోకుండానే డబ్బులు పడ్డాయని తెలుసుకుంటుంది. ఫోన్‌లో దొంగ స్క్రీన్‌షాట్ చూపించి పోయేవాళ్ల ఆట కట్టింది. అసలు తెరే అక్కర్లేని ఈ డబ్బాను ఈ పదేళ్లలో మన బజార్లకు వచ్చిన వస్తువుల్లో అన్నింటికంటే చక్కటి డిజైన్‌గా లెక్కేస్తాను.

రేషన్ దుకాణంలోని ఈ-పాస్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 2025 ఉగాది రోజున సన్నబియ్యం పంపిణీని ముఖ్యమంత్రి మొదలుపెట్టింది సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లోనే. బియ్యం మారింది, సంతోషం. ఆ బియ్యానికీ మనిషికీ మధ్య ఉన్న మిషన్ మారలేదు. దాని తెర డీలర్ వైపు ఉంటుంది. కార్డు ఉన్న మనిషికి దక్కేది వేలు పెట్టే అద్దం ముక్క, చివరికి వచ్చే చీటీ. జీవితమంతా కలుపు తీసి, మట్టి పిసికి, గిన్నెలు తోమిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. ఎక్కువ పని చేసిన చేతినే మిషన్ గుర్తుపట్టదు. మొదటి వేలు, రెండో వేలు, చీర కొంగుకు తుడిచి మళ్లీ మొదటి వేలు. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటుంటే ముసలమ్మ తప్పు తనదే అన్నట్టు సిగ్గుపడుతుంది. తప్పు ఆమెది కాదు. ఆమె వేలిని లెక్కలోకి తీసుకోని పరికరానిది.

2021 ఫిబ్రవరిలో కరోనా కారణంగా వేలిముద్ర బదులు కనుపాప లేదా ఫోన్‌కు వచ్చే ఓటీపీతో రేషన్ ఇవ్వాలన్నారు. వెంటనే రాష్ట్రమంతటా ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు, ఆధార్‌కు ఫోన్ నంబరు కలుపుకోవడానికి. ఒక్కో మనిషికి ఒక్కో నంబరు ఉంటుందని, అది ఎప్పుడూ మారదని, ఫోన్ ఎప్పుడూ పక్కనే ఉంటుందని ఓటీపీ అనుకుంటుంది. ఇక్కడి ఇళ్లలో ఆ మూడూ నిజం కావు. రీచార్జ్ చేయించక నంబరు పోతుంది. ఆధార్‌లో ఉన్నది హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు నంబరు. అమ్మ దుకాణం దగ్గర నిలబడితే ఓటీపీ ఉప్పల్‌లో మోగుతుంది. పైగా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు, పోలీసులు మొత్తుకుంటుంటే, సర్కారు పనికి మాత్రం పక్కవాడికి బిగ్గరగా చదివి వినిపించాలి. ఈ రెండు పాఠాలూ ఒకే మనిషికి నేర్పితే ఆమె దేన్ని నమ్మాలి?

2025 సీజన్‌లో పత్తి అమ్మకానికి భారత పత్తి సంస్థ ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. ఆధార్‌తో నమోదై, ఏ రోజు ఏ జిన్నింగ్ మిల్లుకు పత్తి తెస్తారో స్లాట్ బుక్ చేసుకోవాలి. మిల్లు గేటు ముందు రాత్రుళ్లు ట్రాక్టర్లతో పడిగాపులు తప్పించాలన్న ఉద్దేశం మంచిదే, దాన్ని కాదనను. కానీ పత్తిలో తేమ 12 శాతం దాటితే కొనరు. ముందే తీసుకున్న స్లాట్ నాటికి వాన పడితే రైతు చేయగలిగింది ఏముంది? భూమి ఒకరి పేర, సాగు ఇంకొకరిది అయినప్పుడు ఎవరి ఫోన్‌కు ఓటీపీ రావాలి? ఇవి బటన్ రంగు, బొమ్మల అందం లాంటి విషయాలు కావు. డిజైన్ అంటే మొదట ఇవే. వీటిని తేల్చకుండా యాప్ వదిలితే రైతు ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, డబ్బులిచ్చి, తన ఫోన్ ఇంకొకరి చేతిలో పెట్టి కూర్చుంటాడు. కండక్టర్ దగ్గర కూడా పక్క మనిషి సాయమే ఉంది. అయితే ఆయన ఆ పనికే జీతం తీసుకుంటాడు, ఆయన మీద అజమాయిషీ ఉంటుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్న కుర్రవాడు మంచివాడై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. రైతు బ్యాంకు ఖాతా అతని మంచితనం మీద నడవకూడదు.

రిపేర్ సంగతి క్లుప్తంగా. పాత నోకియాలో బ్యాటరీ ఉబ్బితే వెనక మూత గోటితో తీసి కొత్తది వేసుకునేవాళ్లం. ఇప్పుడు జిగురు కరగడానికి వేడి చేసి, పల్చటి పలకతో మెల్లగా లేపాలి. తెర పగిలితే అద్దం ఒక్కటే మార్చడం కుదరదు, ‘కాంబో’ మొత్తం వేయాలంటాడు మెకానిక్. చవక ఫోన్‌కు ఆ ఖర్చు ఫోన్ ధరలో పెద్ద వాటా. ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి నుంచి ఫోన్ బ్యాటరీలను వాడేవాళ్లే మార్చుకోగలిగేలా ఉండాలని చట్టం చేసింది. అక్కడికంటే వేడి ఎక్కువై బ్యాటరీలు తొందరగా పాడయ్యే మన దగ్గర ఆ నియమం ఇంకా ముందే రావాల్సింది.

చేయగలిగిన పని ఎదురుగానే ఉంది, కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి తెలుగులో మాట్లాడుతోంది. బటన్ ఫోన్ల నుంచి డబ్బు పంపే యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది. మోటారు స్టార్టర్ రోజూ ఫోన్ ఎత్తి జవాబు చెబుతోంది. ఇదే పద్ధతిలో పత్తి స్లాట్‌ను కూడా ఒక నంబరుకు ఫోన్ చేసి, అంకె నొక్కి తీసుకునే వీలు పెట్టొచ్చు. వాన పడితే అదే నంబరుకు ఫోన్ చేసి రోజు మార్చుకునే వీలూ పెట్టొచ్చు. ఒక ఇంటికి ఇద్దరు ముగ్గురి నంబర్లు కలుపుకోనివ్వొచ్చు. యాప్ అయినా, ఫోన్ నంబరైనా విడుదలకు ముందు పరీక్ష హైదరాబాద్ ఆఫీసులో ఏసీ కింద కాకుండా సూర్యాపేట మార్కెట్ యార్డులో మధ్యాహ్నం పూట జరగాలి. పరీక్షించేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు, సగం మంది బటన్ ఫోన్ వాడేవాళ్లు ఉండాలి. ఎవరెక్కడ ఆగిపోయారో పక్కన నిలబడి రాసుకోవాలి, మధ్యలో సాయం చేయకూడదు. పత్తి కొనుగోళ్లు అక్టోబరు, నవంబరుల్లో ఊపందుకుంటాయి కాబట్టి ఆ పరీక్ష జూన్‌లో విత్తనాలు పెట్టే నాటికి మొదలైతే, దొరికిన తప్పులు దిద్దుకోవడానికి నాలుగు నెలల వ్యవధి ఉంటుంది.